చిల్లుల గిన్నె

మొదట ఇడ్లీ రేకు చూశాను.
చిల్లులున్నాయి, లోతు లేదు.
విరిగిన పాలు అందులో కూర్చుంటాయి గానీ నిలబడవు.

తర్వాత అమ్మమ్మ గంజి వార్చిన చిబ్బి.
చుట్టూ సొట్టలు,
ఒక్కో సొట్టా ఎవరి మీదో ఒక కోపం.
అల్యూమినియం. పులుపు తగిలితే నల్లబడుతుంది.
ఇరవై ఏళ్ళు ఆడపిల్లల కాలేజీ లాబ్‌లో సీసాలు కడిగినదాన్ని,
ఆ మాత్రం తెలీదా?

పెరుగు డబ్బాకి అగరొత్తి నిప్పుతో చిల్లులు పొడిస్తే
వారం రోజులు చీజ్ తిన్నట్టు లేదు,
పూజ తిన్నట్టుంది.

మేదర పున్నమ్మ బుట్ట అల్లింది, అరచేతిలో ఇమిడేంత.
"ఇందులో ఏ కోడిపిల్లని కమ్ముతావే?"
పాలు పోస్తానంటే
వక్క ఒక బుగ్గకి తోసి మరీ నవ్వింది.
తెల్లారి ముద్ద బోర్లిస్తే ఒళ్ళంతా అల్లిక,
చాప మీద పగటినిద్ర లేచిన పిల్ల చెంపలా.
కొయ్యబుద్ధి కాలేదు.
రెండో వారానికి ఆ సందుల్లోనే బూజు.
ఉడకబెట్టాను, ఎండబెట్టాను.
వెదురు ఒకసారి తాగింది మర్చిపోదు.

అప్పుడు వెళ్ళాను లాలాపేట.
మిర్చి యార్డు గాలి ఇటు తిరిగితే
బేరాలు సగంలో ఆపి వీధి వీధంతా తుమ్ముతుంది.
ఆ తుమ్ముల మధ్య కాలేషావలి కొట్టు.
కొట్టంటే, మెట్ల కింద మిగిలిన జాగా.
పొడుగాటి స్టీలు గ్లాసు ముందు పెట్టాను.
వెలుగుకెత్తి చూశాడు.
"చిల్లేదీ?"
లేదు. పెట్టాలి.
"ఎన్ని?"
నలభై.

గ్లాసు దించాడు. కళ్ళద్దాలు తీశాడు.
"అమ్మా, యాభై రెండేళ్ళ నుంచీ మాట్లేస్తన్నా.
కారకుండా చెయ్యమని ఊరంతా వచ్చింది గానీ
కారేట్టు చెయ్యమని ఒక్కళ్ళూ రాలా."

చెప్పాను,
పాలు విరగడం పాడవడం కాదని.
విరిగినదాన్ని పిండకుండా, నొక్కకుండా
దాని బరువుకి దాన్ని వదిలేస్తే
నీళ్ళు వాటంతట అవే సెలవు తీసుకుంటాయని.
రాత్రి అంచుదాకా పోసింది
తెల్లారేసరికి సగానికి దిగుతుందని,
అందుకే పొడుగు గ్లాసని.
"సగమే?" అన్నాడు, తన పాలే పోయినట్టు.
తేట పప్పుచారులో పోస్తానన్నాక గానీ
కుదుటపడలేదు.

మేకు ఆనించాడు. సుత్తి ఎత్తాడు. ఆగిపోయాడు.
గ్లాసులో వేలు పెట్టి చుట్టూ తిప్పి,
"బయట్నుంచి పొడిస్తే ముళ్ళు లోపలికి లేస్తాయి.
మెత్తటి సరుకు. చీరుకుపోద్ది."
గ్లాసు పక్కకి నెట్టి స్టీలు రేకు తీశాడు.
చదునుగా పరిచి, గీతలు గీసి, చిల్లులు కొట్టాడు.
కొట్టేటప్పుడు మొహం చూడాలి,
మొక్కు తప్పుతున్నవాడిలా.
ముళ్ళు బయటికుండేట్టు గొట్టంగా చుట్టి
అంచులు మడిచి బిగించాడు.
"టంకం పెట్టను, తినేదిగా."

పైన పనసకాయ,
లోపల వేలు పెడితే అద్దం.

బుడంపాడు గేదె పాలు రెండు లీటర్లు.
గొట్టాన్ని పళ్ళెంలో నిలబెట్టి
గరిటెతో పొరలు పొరలుగా దించాను.
రాత్రంతా నలభై చోట్ల బొట్లు.
ఫ్యాన్ చప్పుడులో వినపడవు,
కరెంటు పోయినప్పుడు విన్నాను.

పొద్దున పైకి లాగితే జారి నిలబడింది.
చిల్లున్నచోటల్లా చిన్న బుడిపె,
చిగుళ్ళలో పాలపళ్ళు తోసుకొస్తున్నట్టు.

అరిటాకు ముక్కలో తీసుకెళ్ళాను.
కాలేషావలి తినలేదు.
తిప్పుతున్నాడు, వేలితో ఒక్కో బుడిపే తడుముతూ,
పెదాలు కదుపుతూ.
మధ్యలో ఒక తుమ్ము, మళ్ళీ మొదటి నుంచి.
"ముప్పై తొమ్మిది" అన్నాడు.
"ఒకటి బాకీ పడ్డా. రేపు గొట్టం పట్రా."

అప్పుడు కొరికాడు.
ఉప్పు చాల్లేదన్నాడు.